మనోవ్యాధికి మందు వెదకిన మనీషి – త్రిపురనేని గోపీచందు

మనోవ్యాధికి మందు లేదని మన పెద్దలు చెప్పుచుందురు. జ్వరము వచ్చినచో నాడి చూచువారు కలరు. ఎముక విరిగినచో కట్టు కట్టువారు కలరు. మనస్సు చెదిరినవానికి ఏమి చేయవలెనో తెలియక ఇంటిల్లిపాదియు మౌనము వహించుట మాత్రము మన పల్లెలలో నేటికిని కనవచ్చుచున్నది. కొందరు గాలి సోకినదందురు. కొందరు గ్రహచారమందురు. మరికొందరు సోమరితనమని త్రోసివేయుదురు. ఆ మనుష్యుడు లోలోపల కాగిపోవుచు, అన్నము సహింపక, నిద్ర పట్టక, నానాటికి క్షీణించుచుండును.

మనస్సునకు కలిగిన కష్టము దేహము నెట్లు దహించునో, ఆ దహనమునుండి మానవుడు బయటపడు త్రోవ యేదియో తన రచనలలో వెదకిన మహారచయిత యొకరు మన తెనాలిలో పెరిగిరి. వారే త్రిపురనేని గోపీచందుగారు. తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతముల గ్రంథాలయములలో వారి నవలలను చదివినవారు పెక్కుమంది. నవలను చదివినవారందరును నవలాకారుని జీవితము నెరిగియుండరు. గ్రంథాలయ రజతోత్సవ శుభసమయమున వారి జీవితమును క్లుప్తముగా స్మరించుట యుచితమని తలచుచున్నాము.

తండ్రి నేర్పిన ప్రశ్న

గోపీచందుగారు 1910వ సంవత్సరము సెప్టెంబరు 8వ తేదీన కృష్ణాజిల్లా అంగలూరు గ్రామమున జన్మించిరి. తండ్రి కవిరాజు త్రిపురనేని రామస్వామి చౌదరిగారు. ఆయన 1887లో ఆ గ్రామముననే రైతుకుటుంబమున బుట్టి, తెలుగు సంస్కృతములు నేర్చి, ఐర్లండు దేశమందలి డబ్లిన్ నగరమునకు పోయి న్యాయశాస్త్రము నభ్యసించి, 1922లో తెనాలియందు స్థిరపడిరి. కుమారునకు అప్పటికి పండ్రెండేండ్ల ప్రాయము.

ఆనాటి తెనాలి నాటకములకును, ముద్రణాలయములకును, వాదోపవాదములకును పేరువడిన పట్టణము. 1916లో రేపల్లెకు రైలుదారి పడినది మొదలు, డెల్టాగ్రామముల వారికి తెనాలి మరింత చేరువయ్యెను. ధాన్యము నమ్మవచ్చిన రైతు నాటకము చూచి, పుస్తకము కొని, నలుగురితో ముచ్చటించి పోయెడి కాలమది. అట్టి పట్టణమునకు కవిరాజుగారు పురపాలక సంఘాధ్యక్షులైరి. గంగమ్మ జాతరలో జంతుబలులను మాన్పించినందుకు అవిశ్వాస తీర్మానమునకు గురియై పదవిని గోల్పోయి, ప్రజలు తిరిగి కోరగా మరల నా పీఠమెక్కిరి. సూతపురాణము, శంబుకవధ మున్నగు గ్రంథములలో పురాణకథలను హేతుదృష్టితో పరీక్షించిరి. తెలుగున వివాహవిధిని రచించి, వధూవరులకు తెలియు భాషలో పెండ్లి తంతు జరిపించిరి. వారి గృహమునకు సూతాశ్రమమని పేరు.

ఎందుకు అను చిన్నమాట ఆ యింటి మూలధనము. లోకమున పెక్కు ఇండ్లలో పిల్లవాడు ఎందుకని ప్రశ్నించినచో నోరు మూయించుట ఆచారము. కవిరాజుగారు తమ కుమారునిచేత ఆ ప్రశ్నను అడిగించిరి. గోపీచందుగారు పెద్దవారై తమ ప్రసిద్ధ నవలయైన అసమర్థుని జీవయాత్రను తండ్రిగారికే అంకితము చేయుచు, ఎందుకని ప్రశ్నించుట నేర్పినవారు వారేయని కృతజ్ఞతతో స్మరించుకొనిరి. తండ్రి కొడుకునకిచ్చు ఆస్తులలో నింతకన్న విలువైనది మరియొకటి యుండబోదు. ఐనను ఈ ఆస్తికి ఒక బరువు కూడ కలదు. ప్రతిదానిని ప్రశ్నించువాడు తన్ను తానును ప్రశ్నించుకొనక తప్పదు. ఆ ప్రశ్నకు సమాధానము దొరకనినాడు మనస్సే తన్ను తాను నమలుకొనుట కారంభించును. గోపీచందుగారి సాహిత్యమునకు ఈ సంకటమే పునాది యయ్యెను.

ఆ కుటుంబము తెనాలికి వచ్చిన 1922వ సంవత్సరముననే కలకత్తా నగరమున గిరీంద్రశేఖర బోసుగారు భారతదేశమున మొట్టమొదటి మనోవిశ్లేషణ సంఘమును స్థాపించిరి. వియన్నా నగరవాసి ఫ్రాయిడు పండితుని సిద్ధాంతములు అప్పటికి మన విద్యావంతుల చెవిని బడుచుండెను. మనిషికి తెలిసిన మనస్సు క్రింద, తెలియని మనస్సు మరియొకటి కలదనియు, అణచిపెట్టిన కోరికలును భయములును దేహమందు రోగరూపమున తలయెత్తవచ్చుననియు ఫ్రాయిడు చెప్పెను. ఆయన సిద్ధాంతములలో కొన్ని కాలపరీక్షకు నిలువలేదు. ఐనను మనస్సు పరిశీలింపదగిన వస్తువని ఆ తరము రచయితలకు నేర్పినది మాత్రము నిజము. తెలుగు నవలలో ఆ పరిశీలనకు బాట వేసిన వారిలో గోపీచందుగారు అగ్రగణ్యులు.

చదువు, వాదము, వెండితెర

గోపీచందుగారు పట్టభద్రులై, పిమ్మట మదరాసున న్యాయశాస్త్రమును బూర్తిచేసి, కొంతకాలము న్యాయవాదవృత్తి నవలంబించిరి. ఆ వృత్తి వారికి చిరకాలము కొనసాగలేదు. మొదట మార్క్సు సిద్ధాంతము వారి నాకర్షించెను. తరువాత మానవేంద్రనాథ రాయ్ గారి భావములు వారి మనస్సునకు నచ్చినవి. రాయ్ గారు 1940లో స్థాపించిన రాడికల్ డెమోక్రటిక్ పార్టీకి మన గుంటూరు మండలమున మంచి బలముండెను. గోపీచందుగారు ఆ పార్టీకి ఆంధ్రశాఖా కార్యదర్శిగా పనిచేసిరి. మానవుడే అన్నిటికిని కొలమానమనియు, విచక్షణతో తన జీవితమును తాను దిద్దుకొనగలడనియు ఆ ఉద్యమము బోధించెను. తండ్రి నేర్పిన ప్రశ్నకు అది సహజమైన కొనసాగింపు.

ఇదే కాలమున వారు చలనచిత్రరంగమునను ప్రవేశించిరి. గూడవల్లి రామబ్రహ్మముగారు 1939లో నిర్మించిన రైతుబిడ్డ చిత్రమునకు రచనచేసిరి. జమీందారీ విధానమును నిరసించిన ఆ చిత్రము జమీందారుల యాగ్రహమునకు గురియై నిషేధముల పాలయ్యెను. 1946లో వెలువడిన గృహప్రవేశము చిత్రమునకు సంభాషణలు వ్రాసిరి. లక్ష్మమ్మ, పేరంటాలు, ప్రియురాలు అను చిత్రములకు 1950, 1951, 1952 సంవత్సరములలో వరుసగా దర్శకత్వము వహించిరి. ఐనను వారి ప్రతిభ సంపూర్ణముగా వికసించినది సాహిత్యముననే.

ఒక అసమర్థుని కథ

1940వ దశకము నడుమ వెలువడిన అసమర్థుని జీవయాత్రను తెలుగున తొలి మనోవైజ్ఞానిక నవలగా విమర్శకులు పరిగణింతురు. కథానాయకుడు సీతారామారావు. సంపన్న గృహమున బుట్టినవాడు. వంశప్రతిష్ఠను నిలుపవలెనను మాట తండ్రినుండి అతనికి సంక్రమించినది. ఆ ప్రతిష్ఠకొరకు అడిగినవారికెల్ల ఇచ్చును. ఆస్తి కరిగిపోవును. చేరదీసినవారు దూరమగుదురు. తన సొమ్ముతో పైకివచ్చిన మేనమామను చూచి లోలోపల కుములును. ఉద్యోగమున నిలువజాలడు. భార్యయైన ఇందిర యోర్పుతో సంసారము నీడ్చుచుండగా, ఆమె యోర్పే అతనికి అవమానముగ తోచును. తన యసమర్థతను తాను చూచుకొనలేక దానికి సిద్ధాంతములు కల్పించుకొనును. ప్రతి యోటమికిని ఒక తర్కము, ప్రతి తర్కమునకును ఒక ద్వేషము. తుదకు ఆ మనస్సు దేహమును శ్మశానమునకీడ్చుకొనిపోయి, తన్ను తాను హింసించుకొని నశించును.

ఈ కథలో విషము పెట్టినవాడెవ్వడును లేడు. అంటువ్యాధి లేదు. ఆకలిచావు కాదు. తెలివితేటలు కలిగిన యువకుడొకడు తన మనస్సు చేతులలో మరణించెను. గ్రామములలో ఈ నవలను చదివినవారికి సీతారామారావు క్రొత్తవాడుగ కనబడడు. తాతలనాటి పేరు నిలుపుటకు ఎకరము తరువాత ఎకరము అమ్మినవారు, నలుగురిలో తలయెత్తుకొనలేక ఇల్లు వెడలనివారు, అప్పు తీర్చలేక ఆలుబిడ్డలపై కసురుకొనువారు మన మెరిగినవారే. వారి కష్టమునకు ఆర్థికకారణము కలదు. ఆ కష్టమును మరణాంతకము చేయునది మాత్రము లోనున్న సిగ్గును, ఒంటరితనమును.

సీతారామారావున కేమి జరిగినదో నేటి శరీరశాస్త్రము కొంతవరకు వివరింపగలదు. మన మెదడు బరువు సుమారు 1,400 గ్రాములు. దేహపు బరువులో నూటికి రెండువంతులకు మించని ఆ యవయవము, విశ్రాంతి సమయమున దేహము వినియోగించు శక్తిలో నూటికి ఇరువదివంతులు తానే తీసికొనును. అపాయము తోచినప్పుడు మెదడు అడుగుభాగమందలి హైపోథాలమస్ అను కేంద్రము మేల్కొని, మూత్రపిండములపై టోపీలవలె నుండు అధివృక్క గ్రంథులకు హెచ్చరిక పంపును. ఆ గ్రంథులనుండి అడ్రినలిన్, కార్టిసాల్ అను ద్రవ్యములు రక్తమున గలియును. గుండె వేగము హెచ్చును. రక్తపుపోటు పెరుగును. కండరములకు చక్కెర యందును. జీర్ణక్రియ మందగించును. పొలముగట్టున పాము కనబడినప్పుడు ఒక్క గంతులో ఆవలికి దుముకగలుగుట ఈ యేర్పాటు చలువయే. పాము పోయిన కొంతసేపటికి దేహము కుదుటబడును.

కాని తలలో కాపురముండు పాము ఎప్పుడు పోవును? అప్పుల భయము, పరువు భయము, పగ, పశ్చాత్తాపము అనునవి రేయింబవళ్ళు బుసకొట్టుచుండినచో మెదడు దేహమునకు హెచ్చరికలు పంపుట మానదు. ఒక్క గంతుకొరకు ఏర్పడిన శక్తి నెలల తరబడి ఖర్చగుచుండును. నిద్ర చెడును, ఆకలి తప్పును, రక్తపుపోటు నిలిచిపోవును, వ్యాధినిరోధక శక్తి సన్నగిల్లును. 1936లో కెనడాదేశమున హాన్స్ సెల్యే అను వైద్యశాస్త్రజ్ఞుడు ఎలుకలను చలికిని, గాయములకును, అధికశ్రమకును గురిచేసి చూచెను. బాధలు వేరైనను ఫలితమొక్కటే యయ్యెను. అధివృక్క గ్రంథులు ఉబ్బినవి, జీర్ణాశయమున పుండ్లు పడినవి. ఆ పరిశోధన వెలువడిన దశాబ్దము తిరుగునంతలో, తెనాలిలో పెరిగిన ఒక తెలుగు రచయిత ఏ ప్రయోగశాలయు లేకయే ఒక మనుష్యుని మనస్సును విప్పి అదే సత్యమును చూపెను.

ఈ విషయము మన పూర్వులకు కేవలము తెలియనిది కాదు. ఆయుర్వేదము దేహమునకు వాత పిత్త కఫములను దోషములుగా చెప్పి, అక్కడితో నాగక మనస్సునకు రజస్తమస్సులను దోషములుగా చెప్పినది. సుశ్రుతుడు ఆరోగ్యవంతుని లక్షణములు చెప్పునప్పుడు జఠరాగ్నితోపాటు మనస్సు ప్రసన్నముగ నుండుటను గూడ లెక్కించెను. 1948లో నమలులోనికి వచ్చిన ప్రపంచ ఆరోగ్యసంస్థ నిబంధనావళియు రోగము లేకుండుట మాత్రమే ఆరోగ్యము కాదనియు, శారీరక, మానసిక, సాంఘిక క్షేమముల కూడిక యనియు నిర్వచించినది.

హేతువు నుండి సమన్వయమునకు

అసమర్థుని జీవయాత్ర ఒక చిక్కుప్రశ్నను మిగిల్చిపోయెను. సీతారామారావు ఆలోచింపనివాడు కాడు. అతడు అహర్నిశలు ఆలోచించెను. ఎందుకను ప్రశ్న అతనికిని తెలియును. మరి అతనిని ఆ ప్రశ్న ఏల రక్షింపలేకపోయెను? పనిలోనికి దిగని ఆలోచన, ప్రేమలోనికి దిగని తర్కము త్రాగుటకు పనికిరాని నూతినీరువలె నిలువయుండి పాచిపట్టును. ఈ నిజమును గ్రహించిన రచయిత అక్కడనే నిలిచిపోలేదు. బుద్ధికిని, హృదయమునకును, దేహమునకును సంధి కుదుర్చు మార్గము కలదా యని తరువాతి సంవత్సరములలో వెదకసాగిరి.

ఆ వెదకులాటలో వారు తూర్పు పడమరల దర్శనములను చదివిరి. తత్త్వవేత్తలు అను గ్రంథమున ఉభయఖండముల తాత్త్వికులను తేలికమాటలతో తెలుగు పాఠకులకు పరిచయము చేసిరి. క్రమముగా వారి చూపు పుదుచ్చేరి వైపునకు మరలినది. అరవింద ఘోషుగారు రాజకీయ విప్లవమార్గమును విడిచి పుదుచ్చేరి చేరినది 1910వ సంవత్సరము ఏప్రిలు నెల. గోపీచందుగారు జన్మించినదియు ఆ సంవత్సరమే. అరవిందులు లోకమును మాయయని త్రోసిపుచ్చలేదు. జడపదార్థమునుండి ప్రాణము, ప్రాణమునుండి మనస్సు వికసించినట్లే, మనస్సునకు మించిన చైతన్యము మానవునియందు వికసింపవలసియున్నదని వారు బోధించిరి. దేహమును హింసింపక, బుద్ధిని చంపక, రెంటిని కలుపుకొని పైకిపోవు ఆ పూర్ణయోగము, జీవితమంతయు బుద్ధిని ప్రేమించిన గోపీచందుగారికి నచ్చుట వింతకాదు.

ఈ మార్పు కొందరు హేతువాద మిత్రులకు రుచింపలేదు. కవిరాజుగారి కుమారుడు ఆధ్యాత్మికమునకు లొంగిపోయెనని నొచ్చుకొనినవారు కలరు. ఆ యభిప్రాయమును త్రోసివేయవలసిన పనిలేదు. కాని గోపీచందుగారు తండ్రి నేర్పిన ప్రశ్నను విడిచిపెట్టినట్లు మాకు తోపదు. తండ్రి దేవాలయమును ప్రశ్నించెను. కుమారుడు ప్రశ్నించెడి మనస్సునే ప్రశ్నించెను. రెండింటికిని ధైర్యము కావలెను.

మన సీమకు ఇట్టి వెదకులాట క్రొత్తకాదు. రేపల్లెకు సమీపమున భట్టిప్రోలు స్తూపము కలదు. 1892లో అక్కడ ధాతుకరండములు బయల్పడినవి. దుఃఖమునకు మూలము మనిషి తృష్ణలో కలదని చెప్పిన బౌద్ధము రెండువేల ఏండ్లకు పూర్వమే ఆ గడ్డపై కాలూనినది. తెనాలిలో పెరిగిన గుడిపాటి వెంకట చలముగారు సంఘముతో పోరాడి పోరాడి, 1950లో శాంతిని వెదకుచు అరుణాచలము చేరిరి. బాపట్ల సమీపమందలి జిల్లెళ్ళమూడిలో అనసూయాదేవిగారు, భక్తుల వాడుకలో అమ్మ, 1958 ఆగస్టు 15న అన్నపూర్ణాలయమును నెలకొల్పి, కులమతముల నడుగక వచ్చినవారికెల్ల అన్నము పెట్టించిరి. ఆకలిగొన్న కడుపునకు ఏ శాంతియు నిలువదని ఆమె చేతలవలన తెలియుచున్నది. కవిరాజుగారి సూతాశ్రమమును, అమ్మగారి అన్నపూర్ణాలయమును ఒక్క త్రాసులో తూచుట సాధ్యముకాదు. ఐనను మానవుని బాధను తగ్గించుటయే రెండింటి పని.

చివరి సంవత్సరములు

1953లో ఆంధ్రరాష్ట్రము ఏర్పడిన పిమ్మట గోపీచందుగారు సమాచారశాఖలో పనిచేసి, అనంతరము హైదరాబాదు ఆకాశవాణియందు ఉద్యోగము స్వీకరించిరి. ఈ కాలమున వారి కలము విశ్రమింపలేదు. మెరుపుల మరకలు, పండిత పరమేశ్వరశాస్త్రి వీలునామా అను నవలలను, పోస్టు చేయని ఉత్తరాలు అను రచనను వెలువరించిరి. వీలునామా నవలలో ప్రాచ్య పాశ్చాత్య భావములకు, సంప్రదాయమునకు, స్వేచ్ఛకు నడుమ సమన్వయము సాధింప యత్నించిరి. అసమర్థుని కథలో చీలిపోయిన మనస్సును చూపిన రచయిత, ఈ కథలో కూడుకొనదలచిన మనస్సును చూపెనని చెప్పవచ్చును.

పోస్టు చేయని ఉత్తరాలు అను పేరే ఒక వైద్యము. లోనున్నదానిని ఒకరికి చెప్పుకొనుచున్నట్లు కాగితముపై పెట్టినచో, పంపకపోయినను బరువు తగ్గును. 1986లో అమెరికాదేశమున పెన్నెబేకర్ అను మనశ్శాస్త్రజ్ఞుడు తన సహచరురాలితో గూడి ఒక ప్రయోగముచేసెను. కొందరు విద్యార్థులచేత వరుసగా నాలుగు దినములు, దినమునకు పదునైదు నిమిషములు, తమ జీవితమందలి గాఢమైన బాధలను వ్రాయించెను. సాధారణ విషయములు వ్రాసినవారికంటె, బాధనును బాధకు కారణమునును కలిపి వ్రాసినవారు తరువాతి నెలలలో వైద్యుని కడకు తక్కువసారులు పోయిరి. పిమ్మట జరిగిన పరిశోధనలలో ఈ ప్రయోజనము స్వల్పముగనే కనబడినను, కేవలము శూన్యము కాదు. మనకు ఖర్చులేని మందు ఇది. కాగితము, కలము, పావుగంట తీరిక చాలును.

గోపీచందుగారు 1962 నవంబరు 2వ తేదీన, ఏబదిరెండవ యేట, దివంగతులైరి. మరుసటి సంవత్సరము పండిత పరమేశ్వరశాస్త్రి వీలునామాకు కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానము లభించినది. ఆ గౌరవమును పొందిన మొట్టమొదటి తెలుగు నవల యదియే. దానిని అందుకొనుటకు రచయిత లేకపోయిరి. 2011లో వారి జన్మదినమున భారత తపాలాశాఖ వారి స్మారకముగా తపాలాబిళ్ళను వెలువరించినది.

మనము గ్రహింపవలసినది

గోపీచందుగారి జీవితకాలముననే మన సామెతకు సవరణ వచ్చినది. 1949లో ఆస్ట్రేలియాదేశపు వైద్యుడు జాన్ కేడ్, ఉన్మాదముతో బాధపడువారికి లిథియమ్ లవణముల వలన ఉపశాంతి కలుగునని కనిపెట్టెను. 1952లో పారిసు నగరమున క్లోర్‌ప్రోమజైన్ అను ఔషధముతో తీవ్రమనోవ్యాధులకు చికిత్స యారంభమయ్యెను. అంతవరకు గొలుసులతో బంధింపబడిన అనేకులు ఇంటి ముఖము చూడగలిగిరి. మన దేశమున 1954లో బెంగళూరునందు అఖిలభారత మానసిక ఆరోగ్యసంస్థ వెలసి, 1974లో నిమ్‌హాన్స్‌గా రూపొందినది. కనుక మనోవ్యాధికి నేడు మందు కలదు. మెదడు ఒక యవయవము. గుండెకు, కాలేయమునకు జబ్బు చేసినట్లే దానికిని జబ్బు చేయును. అందు సిగ్గుపడవలసినది లేదు.

జపమో, ధ్యానమో, భజనయో చేసికొనువారు దానిని మానవలసిన పనిలేదు. నెమ్మదిగ శ్వాస విడుచుట వలన గుండె వేగము తగ్గుననియు, క్రమమైన ధ్యానము కొందరి ఆందోళనను కొంత తగ్గించుననియు శాస్త్రజ్ఞులును గుర్తించిరి. కాని తీవ్రవ్యాధి కలవానికి దైవధ్యానము సరిపోవునని మందు మాన్పించుట ప్రాణాపాయము. అట్లే మందుబిళ్ళ మ్రింగించి, ఆ మనిషిని పలుకరింపక ఒంటరిగ వదలుటయు చికిత్సకాదు. దేహమునకు ఔషధము, బుద్ధికి ఎరుక, హృదయమునకు తోడు, ఈ మూడును కలిసిననాడే స్వస్థత. గోపీచందుగారు హేతువునుండి బయలుదేరి సమన్వయము వైపునకు సాగిన యాత్రలో మనకు కనవచ్చు పాఠమిదియే.

సీతారామారావునకు కరవైనది ధనము కాదు, విద్య కాదు. ఓడిపోతినని నిర్భయముగ చెప్పుకొనదగిన చోటు కరవయ్యెను. అట్టి చోటు ప్రతి గ్రామమునను ఉండవలెను. నిద్రపట్టుటలేదని, బ్రదుకుపై విసుగు పుట్టినదని పొరుగువాడు చెప్పినప్పుడు నవ్వక వినవలెను. గాలియని, గ్రహమని కాలము వెళ్ళబుచ్చక ప్రాథమిక ఆరోగ్యకేంద్రమునకో, పెద్దాసుపత్రికో వెంటబెట్టుకొని పోవలెను. కేంద్రప్రభుత్వము 2022 అక్టోబరులో టెలిమానస్ అను ఉచిత సేవను నెలకొల్పినది. 14416 అను అంకెకు టెలిఫోను చేసినచో ఏ వేళనైనను తెలుగున మాటాడి సలహా పొందవచ్చును. 2017లో చేసిన మానసిక ఆరోగ్యరక్షణ చట్టము, ఆత్మహత్యాయత్నము చేసినవానిని తీవ్రమైన మానసిక ఒత్తిడిలో నున్నవానిగా నెంచి, శిక్షకు బదులు సంరక్షణ నీయవలెనని శాసించుచున్నది. చట్టము చూపుచున్న ఈ దయను ఇరుగుపొరుగువారు చూపలేకపోయినచో అది మనకు లోపము.

గ్రంథాలయము ఆసుపత్రి కాదు. ఐనను తన బాధవంటి బాధను వేరొకడు అనుభవించెనని పుస్తకమున చదివినవాడు తాను ఒంటరివాడను కానని తెలిసికొనును. సాయంకాలము నలుగురు కూర్చుండి పత్రిక చదువు బల్ల మనస్సులకు ఒక విడిది. ఇరువదియైదేండ్లుగా ఆ బల్లను నిలుపుకొనివచ్చిన గ్రామస్థులకును, చందాదారులకును, కార్యకర్తలకును మా అభినందనలు. త్రిపురనేని గోపీచందుగారి నవలలను ఇదివరలో చదివినవారు ఈ దృష్టితో మరియొకసారి చదువుదురుగాక. చదువనివారు అసమర్థుని జీవయాత్రతో ప్రారంభింతురుగాక. చదివిన పిమ్మట, మన వీధిలో ఏ సీతారామారావు ఏ తలుపు వెనుక ఒంటరిగ కూర్చుండియున్నాడో చూచి, ఆ తలుపు తట్టుట మన విధి.